ఎవరూ అరవలేదు

నేను బాత్రూమ్ తలుపు నెట్టేసరికి మా అత్తయ్య నేల మీద పడి ఉంది, మెడలో వేలాడే ఎర్ర బటన్‌ని బొటనవేలితో ఇంకా నొక్కుతూనే ఉంది.

నొక్కుతోంది, వదులుతోంది, మళ్ళీ నొక్కుతోంది. నేను కనబడ్డాక కూడా ఆ వేలు ఆగలేదు. ఎడమ చెయ్యి ఒంటి కింద మడతపడిపోయింది. నడవడానికి పట్టుకునే స్టాండు పక్కకి ఒరిగి గోడకి ఆనుకుంది. కుళాయి సన్నగా కారుతోంది. ఆవిడ చీర సగం తడిసింది.

"వచ్చావా అబ్బాయ్," అంది. అందులో గాలి ఎక్కువ, గొంతు తక్కువ. "బటన్ వాళ్ళింకా పలకలేదు. చూడు, ఎన్నిసార్లు నొక్కానో."

ఆ బటన్ నొక్కితే ఏం జరగాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ గది బయట నడవాలో, పుస్తకాల అలమర పక్కన ఒక తెల్ల పెట్టె ఉంది. బటన్ నొక్కగానే అందులోంచి ఒక ఆడగొంతు "చెప్పండమ్మా, ఏమైంది?" అని అడగాలి. జవాబు రాకపోతే నిమిషంలో నాకో ఫోన్, అంబులెన్సుకో ఫోన్ వెళ్ళాలి. పెట్టె నోరు విప్పలేదు. నా ఫోన్ మోగలేదు.

నా కుడికాలికి మోకాలిదాకా సిమెంటు కట్టు. చంకల్లో రెండు కర్రలు. ఒక కర్ర గోడకి ఆనించి వంగబోయాను.

"వద్దు. కర్రల మనిషివి, నువ్వేం లేపుతావు? ఇద్దరం పడితే అంబులెన్సు వాళ్ళు ఎవర్ని ముందు ఎక్కించాలో తేల్చుకోలేరు," అంది అత్తయ్య. నొప్పికి పళ్ళు బిగబట్టి మరీ అంది. "ముందు ఆ కుళాయి కట్టు. తర్వాత ఫోన్ చెయ్యి."

కుళాయి కట్టాను. ఫోన్ చేశాను. పావుగంటలో స్ట్రెచర్ వచ్చింది. మందుల షాపు నంబరుకి చెబితే, అక్కడ పనిచేసే నా భార్య తల్లి కోసం అటునుంచి అటే ఆసుపత్రికి పరిగెత్తింది. ఈత శిక్షణకి వెళ్ళిన మా అమ్మాయి ఇంకా రాలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

పెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. ఆకుపచ్చగా వెలగాల్సిన దీపం ఎర్రగా ఉంది. దాని వెనకనుంచి ఒక తెల్లవైరు బయటికొచ్చి, గోడ మొదట్లో పాకి, తివాచీ కిందికి దూరింది. కర్ర మొనతో తివాచీ ఎత్తుకుంటూ ఆ వైరు వెంటే నడిచాను. నడవా దాటింది. హాల్లోకి వచ్చింది. టీవీ బల్ల వెనక, వైఫై పెట్టె పక్కన, నేల మీద దాని కొస ఒంటరిగా పడి ఉంది. అది ఉండాల్సిన రంధ్రంలో నీలంవైరు ఒకటి ఉంది. ఆ నీలంవైరు మా అమ్మాయి గేమ్ మెషిన్‌కి వెళ్తోంది.

నీలంవైరు పెట్టింది నేనే. తెల్లవైరు పీకిందీ నేనే. మూడు రోజుల క్రితం.

ఫోన్ తీశాను. సోమవారం పొద్దున పదకొండూ నలభైకి వచ్చిన మెసేజ్ ఒకటి, నేను తెరవని మెసేజ్‌ల గుట్టలో పడి ఉంది. "మీ ఇంటి పరికరానికి మా కేంద్రంతో సంబంధం తెగిపోయింది. దయచేసి లైను చూసుకోగలరు."

నీలంవైరు పీకాను. తెల్లవైరు పెట్టాను. నడవాలో దీపం ఆకుపచ్చగా వెలిగింది. తర్వాత ఆ మెసేజ్‌ని చెరిపేశాను. మొత్తం రెండు నిమిషాల పని. చేతులు వణకనైనా లేదు. ఇరవై రెండేళ్ళుగా మెకానిక్ పని చేస్తున్న చేతులు కదా, వాటి పని అవి చేసుకుపోయాయి.

*

ఆ ఎండాకాలం నేను ఇంట్లో ఉండాల్సిన మనిషిని కాదు. లిఫ్టు మెకానిక్‌ని. లిఫ్టు అడుగు గుంతలోకి దిగుతుంటే నిచ్చెనమెట్టు జారి మడమ విరిగింది. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. మొదటి వారం కిటికీ చూశాను. రెండోవారం పైకప్పు చూశాను. మూడోవారానికి మా అమ్మాయికి జాలేసింది.

"నాన్నా, నువ్విలాగే ఇంకో వారం పైకి చూస్తే ఫ్యాన్ సిగ్గుపడుతుంది," అని తన ఆటబొమ్మ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

బొమ్మంటే బొమ్మ కాదు. మధ్యలో చిన్న తెర, అటూ ఇటూ పట్టుకోడానికి రెండు పిడులు. ఆట దానిలో ఉండదు. హాల్లో టీవీ కింద ఉన్న పెద్ద మెషిన్‌లో ఆట నడుస్తుంది. ఆ బొమ్మలు వైఫై మీద ఎగురుకుంటూ నా మంచం దగ్గరికి వస్తాయి. టీవీ ఎవరు చూసుకున్నా గొడవ లేదు. ఇంటి గడప దాటితే మాత్రం అది ఉత్త పలక.

"అచ్చం పీతలా ఉంది," అంది అత్తయ్య దాన్ని చూసి. "రెండు డెక్కలూ, మధ్యలో మొహం."

ఆ రోజునుంచీ దాని పేరు పీత.

అత్తయ్య సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళపాటు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. "ప్రయాణికులకు గమనిక" అని ఆవిడ అంటే అంత బస్టాండూ ఒక్క క్షణం నమలడం ఆపేదని మా ఆవిడ గొప్పగా చెప్పేది. పోయినేడు పక్షవాతం వచ్చి కాలూ గొంతూ రెండూ పట్టేసింది. కాలు సగం తిరిగొచ్చింది. గొంతు కోసం ఆవిడ పట్టిన పట్టు చూడాలి. రోజూ పొద్దున పది నిమిషాలు గట్టిగా మాట్లాడమన్నారు డాక్టర్లు. ఆవిడ పదికి బదులు రోజంతా ప్రకటనలు చేసేది.

"ప్రయాణికులకు గమనిక. ఎనిమిదీ యాభైకి బయలుదేరవలసిన మా అమ్మాయి ఇంకా జడ వేసుకుంటోంది. ఆలస్యానికి చింతిస్తున్నాం."

మా ఆవిడ తల దువ్వుకుంటూనే నవ్వేది.

"వంటింట్లో టీ సిద్ధంగా ఉంది. కర్రల మీద వచ్చే ప్రయాణికులు తొందరపడొద్దు."

ఒక్కో వారం ఆ గొంతు ఒక్కో గది దాటుతూ వచ్చింది. మొదట మంచం దాకా వినిపించేది. తర్వాత గడప దాకా. మే నెల వచ్చేసరికి నడవా దాటింది. "వంటింట్లోకి వినబడిన రోజు నాకు చెప్పాలి," అని మనవరాలికి ఆర్డరు వేసింది. ఒకరోజు వంటింట్లోంచి మా అమ్మాయి "వినబడింది అమ్మమ్మా!" అని కేకేస్తే ఆవిడ మొహం చూడాలి. మైకు తిరిగిచ్చినట్టు వెలిగిపోయింది.

ఆ ఉదయాలు మా ఇద్దరివే. మా ఆవిడ తొమ్మిదికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏమండీ, అమ్మ మీ చేతుల్లో ఉంది," అనేది.

"నా చేతుల్లో కర్రలున్నాయి," అనేవాణ్ణి.

"కర్రలు కాదు, పీత ఉంది. నాకు తెలీదనుకోకండి."

పీత నన్ను పట్టేసింది. మొదట అరగంట. తర్వాత భోజనాల దాకా. జట్టుగా ఆడే ఆట ఒకటుండేది. మొహం తెలియని నలుగురితో కలిసి ఒక దీవిలో దిగడం, చివరిదాకా బతికి ఉండడం. చెవులకి పెద్ద గొట్టాల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే అవతలివాళ్ళ మాటలు వినిపించేవి. మధ్యలో ఆపడం కుదరదు. ఆపితే జట్టు మొత్తం మునుగుతుంది. వాళ్ళలో ఒకడు నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నవాడికి అది తక్కువ సంగతి కాదు.

ఒక్కటే ఇబ్బంది. బొమ్మ నత్తినత్తిగా వచ్చేది. నేను కాల్చేసరికి ఎదుటివాడు నన్ను కాల్చేసి ఉండేవాడు. మెషిన్‌ని వైఫై పెట్టెకి వైరుతో కలిపితే బాగుపడుతుందని మా అమ్మాయే ఎప్పుడో అంది. ఆ సోమవారం పొద్దున కర్రలేసుకుని వెళ్ళి చూశాను. నాలుగు రంధ్రాలు. నాలుగూ నిండుగా ఉన్నాయి. ఒకటి టీవీది, ఒకటి అమ్మాయి కంప్యూటర్‌ది, ఒకటి గుమ్మం కెమెరాది. నాలుగోది తెల్లవైరు. తివాచీ కిందికి పోయింది. ఎక్కడికో తెలియదు.

మా పనిలో పాత మేస్త్రీల పద్ధతి ఒకటుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు. పాత భవనాల మెషిన్ గదుల్లో దిక్కూమొక్కూ లేని వైర్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. సరిగ్గా చెయ్యాలంటే ఒక్కోదాన్నీ రెండో కొసదాకా వెళ్ళి చూడాలి. బద్ధకంగా చెయ్యాలంటే పీకేసి, కూర్చుని ఒక టీ తాగాలి. ఏ అంతస్తులోనైనా ఎవరైనా అరిస్తే తిరిగి పెట్టెయ్యాలి. ఎవరూ అరవకపోతే అది చచ్చిన వైరు.

తెల్లవైరు పీకాను. టీ తాగాను. ఎవరూ అరవలేదు.

అత్తయ్య పెట్టెకి వైరుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. మా లిఫ్టుల్లో అత్యవసర ఫోనుకి సిమ్ము ఉంటుంది. దీనికీ అంతే అనుకున్నాను. పెట్టె బిగించిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. షాపులో ఫోన్లు లాకర్లో పెట్టాలి కాబట్టి మా ఆవిడ నా నంబరు రాయించింది. వారానికొకసారి, ఆదివారం పొద్దున, అత్తయ్య బటన్ నొక్కి పరీక్ష చేసేది. అవతలి అమ్మాయితో పావుగంట కబుర్లు చెప్పి మరీ పెట్టేసేది. నేను పీకింది సోమవారం. ఆవిడ పడింది గురువారం. ఆదివారం ఇంకా రాలేదు.

*

ఎడమ మణికట్టు విరిగింది. తుంటి ఎముకలో సన్నని చీలిక. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరువారాలు మంచం దిగకూడదన్నారు. శనివారం ఇంటికి తెచ్చారు. ఆ మధ్యాహ్నమే పెట్టె కంపెనీనుంచి మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో బ్యాడ్జీ వేలాడేసుకుని. వచ్చీరాగానే బటన్ నొక్కాడు.

"చెప్పండమ్మా, ఏమైంది?" అంది పెట్టె.

"పరీక్షే మేడమ్," అని ఆపేశాడు. మావైపు తిరిగాడు. "పర్ఫెక్టుగా ఉంది."

"అమ్మ ఇరవైసార్లు నొక్కిందట," అంది మా ఆవిడ. "ఒక్కసారికీ పలకలేదట."

"లైను పోయి ఉండాలమ్మా. కానీ లైను పోతే వెంటనే మీకు మెసేజ్ వస్తుంది, అది మా కాగితంలో కనబడదు." చేతిలోని కాగితం చూశాడు. "ఈ నంబరెవరిది?"

"నాదే," అన్నాను.

"మెసేజ్ వచ్చిందాండి?"

మంచం మీద అత్తయ్య, మంచం అంచున మా ఆవిడ, గుమ్మంలో తడిజుట్టుతో మా అమ్మాయి. ముగ్గురూ నావైపు చూశారు. ఒక్కరి చూపులోనూ అనుమానం లేదు. అదే నా కొంప ముంచింది.

"రాలేదు," అన్నాను.

అతను కాగితం మీద ఏదో గీశాడు. "అయితే లైను పోలేదన్నమాట. పెద్దవాళ్ళు కదమ్మా, పడ్డ కంగారులో నొక్కామనుకుంటారు. నా చేతిమీదుగా ఇది నాలుగో కేసు."

"నేను నొక్కాను నాయనా," అంది అత్తయ్య.

"అలాగేనమ్మా," అన్నాడతను, చిన్నపిల్లతో అన్నట్టు.

ఆవిడ నావైపు తిరిగింది. "అబ్బాయ్, నువ్వొచ్చేసరికి నా వేలు దానిమీదే ఉంది కదూ?"

ఉందనాలి. ఒక్కమాట. కానీ ఆ ఒక్కమాట అంటే తర్వాత వచ్చే ప్రశ్న నాకు తెలుసు. నొక్కితే ఎందుకు పలకలేదు?

"నేను సరిగ్గా చూడలేదత్తయ్యా. మిమ్మల్ని అలా చూసి బెదిరిపోయాను."

ఆవిడ నన్ను చూసింది. తర్వాత తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది, అది వేరేవాళ్ళ వేలైనట్టు.

"మీరు పక్కగదిలోనే ఉన్నారు కదా," అంది మా ఆవిడ అతను వెళ్ళాక. తప్పుపట్టడానికి కాదు, అర్థం కాక. "అమ్మ పిలిచిందట కూడా."

"చెవులకి గొట్టాలున్నాయి. వినబడలేదు. నీళ్ళకోసం లేచినప్పుడు చూశాను," అని చెప్పాను.

"ఎంతసేపు పడి ఉందో పాపం."

"ఇరవై రెండు నిమిషాలు," అంది అత్తయ్య కళ్ళు మూసుకునే. "ముప్పై ఏళ్ళు బస్సుల టైములు చెప్పినదాన్ని. గడియారం చూడకుండా చెప్పగలను." మొహం అటు తిప్పుకుని, "రెండుసార్లు పిలిచాను. గొంతు రాలేదేమో," అంది.

ఆ రోజునుంచి ఇంట్లో ప్రకటనలు ఆగిపోయాయి.

*

వారం తిరిగింది. నేను పీతని ముట్టుకోలేదు. మా అమ్మాయి ఒకపూట దాంతో ఆడుకుంటూ విసుక్కుంది.

"నాన్నా, నడుమ కొన్నాళ్ళు భలే వచ్చేది కదా. మళ్ళీ నత్తి మొదలైందేంటి?"

"ఎండలకి అయ్యుంటుంది," అన్నాను.

"ఎండకి వైఫైకి చెమట పడుతుందా? లిఫ్టుల్ని కూడా ఇలాగే బాగుచేస్తావా నాన్నా?"

నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వెగటు పుట్టింది.

అత్తయ్యకి పొద్దున నేనే టీ తీసుకెళ్ళేవాణ్ణి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గ్లాసు, సగం టీ దారిలోనే ఒలికేది. ఇంతకుముందైతే దానిమీద పది జోకులు పడేవి. ఇప్పుడు మాట్లాడకుండా తాగేది. గొంతు సాధన చెయ్యమంటే తల అడ్డంగా ఊపేది.

"పది నిమిషాలే అత్తయ్యా. డాక్టరుగారు చెప్పారు కదా."

"ఎందుకు అబ్బాయ్? పక్కగదిలోకే పోలేదు ఆ గొంతు. వంటింట్లోకి వినబడిందని పిల్ల నన్ను సంతోషపెట్టడానికి చెప్పి ఉంటుంది." గుసగుసకంటే కాస్త పైన ఉందా మాట. "గొంతు పోతే పోయింది. బుర్ర కూడా పోయిందంటున్నారే, అది కష్టంగా ఉంది. నొక్కినట్టు నాకు బాగా గుర్తు. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. లేకపోతే నొక్కాలనుకున్నది గుర్తుందో ఏమో. నీకేమనిపిస్తోంది? నేను నొక్కానంటావా?"

ఆ ప్రశ్న ఆవిడ నన్ను వారంలో మూడుసార్లు అడిగింది. లోకంలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడుసార్లూ "వదిలెయ్యండత్తయ్యా, ఎందుకు దాని గురించి," అన్నాను. మూడోసారి ఆవిడ "నొక్కలేదేమోలే," అంది.

ఆ సాయంత్రమే మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మని వృద్ధుల హోమ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. అక్కడ పక్కనే మనిషి ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేమిటండీ? గట్టిగా పిలవలేకపోతోంది. బటన్ నొక్కాలన్న ధ్యాస ఉండట్లేదు. మీరు పనిలోకి వెళ్ళాక ఈ ఇంట్లో ఒక్కర్తినీ ఎలా వదిలేస్తాను? మళ్ళీ పడితే?" గిన్నె తోముతూనే ఏడుస్తోంది. నీళ్ళ చప్పుడులో దాచుకోవాలని చూస్తోంది. "నేను అడిగితే ఏమందో తెలుసా? 'నీకెక్కడ వీలైతే అక్కడ పెట్టమ్మా' అంది. మా అమ్మేనండీ ఆ మాటన్నది! నిరుడు ఆసుపత్రిలో నర్సు కసిరితే, మాట రాకపోయినా చేత్తో బయటికి దారి చూపించిన మనిషి!"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

"ఏంటి?" అంది, చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"బాగా ఆలోచించే చేస్తున్నావు కదా?"

"మీకు వేరే దారి కనబడితే చెప్పండి."

కనబడుతూనే ఉంది. తివాచీ కిందనుంచి హాల్లోకి పోయిన తెల్లని దారి. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

వైరు సంగతి చెబితే మా ఆవిడ తిడుతుంది. నాలుగు రోజులు మాట్లాడదు. అది పడగలను. దాని వెనకాల ఇంకొకటుంది. వైరు లాగితే అదీ బయటికొస్తుంది. దాన్ని నేను నాకు కూడా చెప్పుకోవడం లేదు. దానికి భయపడే వైరుని కూడా దాచాను.

*

హోమ్‌నుంచి మేడమ్ బుధవారం పదకొండుకి వచ్చింది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చీర, ఒళ్ళో అట్టకి బిగించిన ఫారం. మనిషి మంచిదే. అత్తయ్య మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా అడిగింది. మా ఆవిడ సెలవు పెట్టి ఎదురుగా నిలబడింది. మా అమ్మాయి ఈతకి వెళ్ళలేదు. అమ్మమ్మ కాళ్ళదగ్గర ముడుచుకు కూర్చుంది. నేను గుమ్మంలో కర్రల మీద ఉన్నాను.

"సొంతంగా తింటారా?"

"తింటుంది," అంది మా ఆవిడ.

"మనుషుల్ని గుర్తుపడతారా?"

"గుర్తుపట్టకేం. మా ఆయన పాతికేళ్ళక్రితం ఎవరికి గొడుగిచ్చి మర్చిపోయారో కూడా చెబుతాను," అంది అత్తయ్య. మేడమ్ నవ్వింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. పదిరోజుల తర్వాత ఆవిడ వేసిన మొదటి చెణుకు అది.

మేడమ్ పేజీ తిప్పింది. "అవసరం పడితే సాయం కోసం పిలవగలరా?"

మా ఆవిడ పెదవి కొరుక్కుంది.

"లేదని రాయండి," అంది అత్తయ్య. "పిలిస్తే పక్కగదిలోకి వినబడదు. బటన్ ఇచ్చారు, అది నొక్కాలని గుర్తుండదు. నేను నొక్కాననుకుంటాను, నొక్కను. రాసెయ్యండి."

మేడమ్ పెన్ను కాగితం మీద ఆనింది.

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాను.

అందరూ తిరిగి చూశారు. గోడకి ఆనుకున్నాను.

"ఆవిడ నొక్కారు. నేను కళ్ళారా చూశాను. పెట్టె పలకలేదు. ఎందుకంటే దాని వైరు నేను పీకేశాను."

మా అమ్మాయికి ముందు అర్థమైంది. "నత్తి..." అని, చేత్తో నోరు మూసుకుంది.

"ఏ వైరు?" అంది మా ఆవిడ. "ఎప్పుడు?"

"ఆవిడ పడ్డ వారం, సోమవారం. ఆటకోసం. ఎక్కడికి వెళ్తోందో చూడకుండా పీకాను. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాక తిరిగి పెట్టేశాను."

"మెసేజ్ రాలేదన్నారే?"

"వచ్చింది. చెరిపేశాను."

ఆమె మంచం అంచు పట్టుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పది రోజులండీ," అంది. "పది రోజులు మా అమ్మ తనకి పిచ్చెక్కిందేమో అనుకుంది."

మేడమ్ ఫారం మూసింది. లేవాలో కూర్చోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

అత్తయ్య మాత్రం కళ్ళు మూసుకుంది. పెద్దగా ఊపిరి వదిలింది. కుడిచెయ్యి ఎత్తి బొటనవేలు చూసుకుంది. "నొక్కానన్నమాట," అంది. తర్వాత కూతురివైపు తిరిగింది.

"పోనివ్వవే. కావాలని పీకాడా? తెలీక పీకాడు. తర్వాత భయపడ్డాడు. మగవాళ్ళ భయం అలాగే ఉంటుంది, దాచుకోడం తప్ప తెలీదు. చెవులకి గొట్టాలుండబట్టి పిలుపూ వినబడలేదు. ఉన్నా లేకపోయినా నా గొంతు వినబడేదా ఏం? ఆ తప్పు అతనిది కాదు. నా గొంతుది."

మా ఆవిడ భుజాలు కాస్త దిగాయి. మా అమ్మాయి నాకు కుర్చీ లాగింది. క్షమించేస్తున్నారు. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, అంతా పొరపాటుగా మిగిలిపోతుంది. ఆవిడ గొంతు ఒక్కటే ఇక ఎప్పటికీ లేవదు.

కుర్చీలో కూర్చోలేదు.

"వినబడింది అత్తయ్యా," అన్నాను. "రెండుసార్లూ వినబడింది. మొదటిసారి మీరు 'అబ్బాయ్' అన్నారు. నేను ఒక చెవి మీది గొట్టం పక్కకి జరిపి విన్నాను కూడా. కళ్ళజోడు కోసమో దేనికోసమో అనుకున్నాను. ఆట అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. రెండోసారి మీరు నా పేరు పెట్టి పిలిచారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మీరు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అది మామూలు పిలుపు కాదని నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసీ గొట్టం మళ్ళీ చెవి మీదికి లాక్కున్నాను. మా జట్టులో ఇద్దరమే మిగిలాం, గెలిచేలా ఉన్నాం. అంతే. ఇంకే కారణం లేదు. గెలిచాం. గెలిచాకే లేచాను. నీళ్ళకోసం కాదు, మీకోసమే లేచాను, కానీ గెలిచాక లేచాను. మీ గొంతు తలుపు దాటింది, గోడ దాటింది, నా చెవులకున్న గొట్టాలు కూడా దాటింది. ఆవిడ పిలవగలరని రాయండి మేడమ్. వినబడీ లేవనివాణ్ణి నేను."